ఒల్లీ కుదరడం లేదు, మణికట్టు నొప్పి: మన సరిహద్దు ఊళ్ళలో స్కేట్‌బోర్డ్ ఆడేవాళ్ళు ఉన్నారా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ చదువుతున్నాను. వేసవి సెలవుల్లో స్కేట్‌బోర్డ్ కొనుక్కున్నాను. మా ఊళ్ళో ఇది నేర్పేవాళ్ళు లేరు, వీడియోలు చూసే నేర్చుకుంటున్నాను. ఒల్లీ అంటే చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం. నిలబడి ఒల్లీ కొడితే బోర్డు బాగానే లేస్తోంది. కదులుతూ కొట్టగానే అడ్డం తిరుగుతోంది, లేదంటే కాళ్ళ కింద నుంచి ముందుకు దూసుకుపోతోంది. మొన్న ఆదివారం అలాగే వెనక్కి పడి కుడిచెయ్యి నేలకి ఆనించాను. వాపు కొంచెమే. కానీ మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో నొక్కితే గట్టిగా నొప్పి వస్తోంది. అమ్మ నూనె రాసి నాటు కట్టు వేయిద్దామంటోంది. ఒల్లీకి ఏం చెయ్యాలి? దెబ్బలు తగలకుండా ఆడే పద్ధతి ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం_బోర్డు (బరంపురం)

తమ్ముడూ, చెయ్యి సంగతి రాయగడ అక్క చెప్తారు. ఆవిడ ఫిజియో, రాత్రికి ఇక్కడికి వస్తారు. ఈలోగా ఒల్లీ గురించి నాకు తెలిసింది రాస్తాను.

బోర్డు కదులుతుంటే భయం వల్ల మనకి తెలియకుండానే నడుము వెనక్కి పోతుంది. బరువంతా వెనక కాలి మీదికి చేరుతుంది. అప్పుడు తోక (బోర్డు వెనక చివర) కొడితే బోర్డు ముందుకి పారిపోతుంది, మనం వెనక్కి పడతాం. నీకు జరిగింది అదే. ఇక అడ్డం తిరగడానికి కారణం భుజాలు. ఎడమకాలు ముందు పెట్టేవాళ్ళు రెగ్యులర్, కుడికాలు ముందు పెట్టేవాళ్ళు గూఫీ. ఎవరైనా సరే, ఎదురుగా దారి చూడాలని ముందు భుజాన్ని తెరుస్తారు. భుజం తిరిగితే తుంటి తిరుగుతుంది, తుంటితో పాటు వెనక కాలు తోకని పక్కకి తోస్తుంది. తల మాత్రమే దారి వైపు తిప్పు. రెండు భుజాలూ బోర్డు పొడుగునే ఉండాలి.

ఈ ట్రిక్ ఎలా పుట్టిందో తెలిస్తే ఎందుకు కష్టమో అర్థమవుతుంది. 1970ల చివర్లో అమెరికాలో ఫ్లోరిడా కుర్రాడు అలన్ గెల్ఫాండ్ వంపు గోడల బౌల్‌లో మొదట చేశాడు. అతని ముద్దుపేరే ట్రిక్‌కి వచ్చింది. అక్కడ గోడ వంపే మనిషినీ బోర్డునీ పైకి ఎత్తుతుంది. 1980ల మొదట్లో రాడ్నీ ముల్లెన్ దాన్ని చదును నేల మీదికి తెచ్చాడు. చదును నేల మీద ఎత్తే గోడ లేదు. తోక నేలకి తగిలి తిరిగి లేవాలి, అదే క్షణంలో ముందు బూటు పక్క అంచు గ్రిప్ టేప్ (బోర్డు పైన అంటించే గరుకు పొర) మీద రాసుకుంటూ ముక్కు (ముందు చివర) దాకా పాకాలి, మనం కూడా ఎగరాలి. చాలామంది కొత్తవాళ్ళు తోకని తొక్కిపెట్టే ఉంచుతారు. టక్ మని చప్పుడైన క్షణానికి వెనక కాలు గాల్లో ఉండాలి. లేకపోతే బోర్డు లేవదు.

కాబట్టి చెయ్యి నయమయ్యాక కూడా కొన్నాళ్ళు తోక కొట్టకు. మెల్లగా దొర్లుతూ బోర్డు మీదే చిన్నగా ఎగిరి, రెండు పాదాలూ చక్రాల పైన ఉండే బోల్టుల మీద దిగేలా చూసుకో. మోకాళ్ళు వంచి చప్పుడు లేకుండా దిగాలి. అది నిద్రలో లేపినా వచ్చే స్థితికి వస్తే కదిలే ఒల్లీలో సగం పని అయిపోయినట్టే. ఫోన్‌ని పక్క నుంచి నేల మీద పెట్టి స్లో మోషన్‌లో తీసుకో. నడుము ఎటు పోతోందో నీకే కనిపిస్తుంది.

జైపూర్_ఘాట్ (జైపూర్, కోరాపుట్ జిల్లా)

అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. ఒక్కటి కలుపుతాను: చక్రాలు. వీడియోల్లో వాళ్ళు వాడేవి 52, 54 మిల్లీమీటర్ల చక్రాలు, గట్టిదనం 99ఏ పైన (అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది). అవి నున్నటి పార్కుల కోసం. మన రోడ్డు మీద శనగగింజంత రాయి తగిలినా చక్రం అక్కడే ఆగిపోతుంది, మనిషి ముందుకి వెళ్ళిపోతాడు. మా దగ్గర పడినవాళ్ళలో ఎక్కువమంది పడింది ట్రిక్ చేస్తూ కాదు, ఊరికే వెళ్తూ. ఊళ్ళో తిరగడానికి 78ఏ నుంచి 87ఏ మధ్య ఉండే మెత్తటి, కొంచెం పెద్ద చక్రాలు వేసుకోండి. ట్రిక్స్ రోజున గట్టివి మార్చుకోవచ్చు.

కీళ్ళ_డ్యూటీ (రాయగడ)

మహేంద్రతనయ తమ్ముడూ, ఇప్పుడే చూశాను. దయచేసి నూనె రాయించకు, నాటు కట్టు వేయించకు. రేపే ఎముకల డాక్టర్‌ని కలువు.

కారణం చెప్తాను. బొటనవేలు పైకి చాచితే దాని మొదట్లో రెండు నరాల్లాంటి స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండొచ్చు. చెయ్యి చాచి పడినప్పుడు ఎక్కువగా దెబ్బతినే ఎముకల్లో అదొకటి. వాపు పెద్దగా ఉండదు, అందుకే బెణుకు అనుకుని వదిలేస్తారు. దానికి రక్తం వేళ్ళ వైపు నుంచి వెనక్కి వస్తుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకి రక్తం అందక అతుక్కోకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది. అలా వదిలేస్తే తర్వాత మణికట్టే అరిగిపోతుంది.

ఇంకో మాట. మొదటి ఎక్స్‌రేలో ఈ పగులు కనిపించకపోవచ్చు. కనిపించలేదని ఊరుకోకు. అనుమానం ఉంటే డాక్టర్లు బొటనవేలితో కలిపి కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తారు, లేదా ఎం.ఆర్.ఐ. రాస్తారు. నువ్వే అడుగు: "స్కాఫాయిడ్ చూశారా?" అని. అమ్మగారికి ఈ పోస్టు చదివి వినిపించు.

మహేంద్రతనయ

అక్కా, అమ్మకి చదివి వినిపించాను. రేపు పొద్దున్నే వెళ్తున్నాం. చాలా థ్యాంక్స్.

బల్లార్షా_బాబీ (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

మహారాష్ట్ర వైపు నుంచి నేను కూడా. తమ్ముడూ, రిస్ట్ గార్డ్ (మణికట్టుకి వేసుకునే రక్షణ తొడుగు) ఉంటే ఈ బాధ ఉండేది కాదేమో. ఇక్కడ మా గ్రూపులో పిల్లలందరికీ తప్పనిసరి చేశాం.

బరంపురం_బోర్డు

బాబీ అన్నా, చిన్నపిల్లలకీ కొత్తవాళ్ళకీ నేనూ ఒప్పుకుంటాను. కానీ గార్డ్ ఉందని చెయ్యి ఆనించే అలవాటు పడితే ఆ అలవాటు పోదు. గార్డ్ లేని రోజున కూడా చెయ్యే ముందు వెళ్తుంది. పడటం విడిగా నేర్చుకోవాలి.

కీళ్ళ_డ్యూటీ

ఇద్దరి మాటా కలిపి తీసుకోండి. గార్డ్ పెట్టుకోండి, దానితోనే పడటం నేర్చుకోండి. గార్డ్ మణికట్టుని కాపాడుతుంది, కానీ చెయ్యి కర్రలా బిగుసుకుని ఉంటే దెబ్బ మోచేతికో భుజానికో వెళ్ళొచ్చు.

పడటం ఎలా నేర్చుకోవాలో కొంచెం వివరంగా రాస్తాను. నా దగ్గరికి వచ్చే పిల్లలకి ముందు ఇదే చేయిస్తాను. మొదట గడ్డి మీద గానీ, ఇంట్లో రెండు పరుపులు వేసుకుని గానీ, బోర్డు లేకుండా చెయ్యాలి. గొంతుకూర్చో. నేలకి దగ్గరగా ఉంటే పడే ఎత్తే తగ్గిపోతుంది. గడ్డం ఛాతీకి ఆనించు, దానివల్ల తల వెనక భాగం నేలకి కొట్టుకోదు. మోచేతులు వంచి, పిడికిళ్ళు ఛాతీ దగ్గర పెట్టు. ఒక పక్కకి ఒరిగి, ముంజేతి కండ మీదుగా భుజం వెనక వైపుకి, అక్కడ నుంచి అడ్డంగా వీపు మీదుగా రెండో తుంటి వైపుకి దొర్లు. నిటారుగా వెన్నెముక మీద దొర్లకూడదు. రెండు వైపులా చెయ్యి. ఎడమవైపు ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా చెయ్యి. తర్వాత నెమ్మదిగా నడుస్తూ చెయ్యి, తర్వాత మెల్లగా కదిలే బోర్డు మీద నుంచి.

వెనక్కి పడేటప్పుడు మరీ జాగ్రత్త. పిరుదు మీద ఒక పక్కగా కూర్చున్నట్టు దిగి దొర్లిపోవాలి. నడుము కింది ఎముక మీద సూటిగా పడితే నెలల తరబడి కూర్చోలేరు. ముందుకి పోతున్నప్పుడు వీలైతే బోర్డు దిగి పరుగెత్తండి. ఎన్నో దెబ్బలు ఆ రెండు అడుగుల పరుగుతోనే తప్పిపోతాయి. మోకాలి ప్యాడ్లు ఉంటే మోకాళ్ళ మీద జారడం కూడా నేర్చుకోవచ్చు, ర్యాంపుల దగ్గర అదే పెద్ద రక్షణ.

గోపాల్‌పూర్_ఉప్పుగాలి (గోపాల్‌పూర్)

అక్కా, ఈ పోస్టు దాచుకున్నాను. మా కుర్రాళ్ళకి ఇసుకలో చేయిస్తాను. మాకు సముద్రం పక్కనే ఉండటం వల్ల అదొక్కటి సుఖం.

కష్టం ఏమిటంటే బేరింగులు. ఉప్పుగాలికి తుప్పు పడతాయి, చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. మన బోర్డుల్లో ఎనిమిది బేరింగులు ఉంటాయి, సైజు 608. లోపలి వ్యాసం 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. చిన్న మోటార్లలో కూడా ఇదే సైజు వాడతారు కాబట్టి మోటార్ రిపేరు షాపుల్లో అడిగితే దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో రెండు వారాలు ఎదురుచూడక్కర్లేదు. నూనె వెయ్యాలంటే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె వద్దు, చలికాలం గడ్డకట్టి దుమ్మంతా పట్టేస్తుంది.

జైపూర్_ఘాట్

చోటు గురించి ఎవరూ రాయలేదు. మన వైపు స్కేట్ పార్కులు లేవు గానీ సిమెంటు కళ్ళాలు ఉన్నాయి కదా. ధాన్యం, చోళ్ళు (రాగులు), జీడిపిక్కలు ఆరబోసేవి. కోతలు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. రైతుని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ళ పిల్లలూ వచ్చి చూస్తారు. చీపురు తీసుకెళ్ళండి. ఒక్క చోళ్ళ గింజ చాలు గట్టి చక్రం కింద జారడానికి. ఆడటం అయ్యాక కూడా ఊడ్చి రండి. కోతల కాలంలో మాత్రం ఆ దరిదాపులకి వెళ్ళకండి. అది వాళ్ళ ఏడాది తిండి.

గోపాల్‌పూర్_ఉప్పుగాలి

వానాకాలం మేం తుఫాను షెల్టర్ కింద ఆడతాం. స్తంభాల మీద కట్టినవి కాబట్టి కింద నేల ఖాళీగా, పొడిగా ఉంటుంది. ఊరి పెద్దల అనుమతి తీసుకున్నాం. తుఫాను హెచ్చరిక వస్తే ఆ చోటు జనానిది, మేం దాని ఛాయలకే పోం. తడి నేల మీద మాత్రం ఎప్పుడూ వద్దు. చెక్క నీళ్ళు తాగితే పొరలు విడిపోతాయి, మేపుల్ ఏడు పొరలైనా సరే.

గుణుపురం_అమ్మ (గుణుపురం)

నమస్కారమండి. మా పాపకి ఎనిమిదేళ్ళు. టీవీలో ఒలింపిక్స్ చూసిన దగ్గర నుంచి స్కేట్‌బోర్డ్ కావాలని ఒకటే గొడవ. మా అత్తగారు ఆడపిల్లకి కాలో చెయ్యో విరిగితే ఎలా అంటున్నారు. నాకు కూడా టెన్షన్‌గానే ఉంది, కానీ దాని ఉత్సాహం చూస్తే కాదనలేకపోతున్నాను. ఏ వయసుకి మొదలుపెట్టొచ్చు? బండి హెల్మెట్ సరిపోతుందా?

కీళ్ళ_డ్యూటీ

అమ్మా, ఐదేళ్ళ లోపు పిల్లలకి స్కేట్‌బోర్డ్ వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్తుంది. ఆరు నుంచి పదేళ్ళ వాళ్ళు పెద్దవాళ్ళు పక్కనే ఉండగా ఆడొచ్చు. అంటే మీరు ఫోన్ చూసుకుంటూ గట్టు మీద కూర్చోవడం కాదు, చెయ్యి అందేంత దూరంలో ఉండాలి. పిల్లల ఎముకల చివర్లో ఎదిగే భాగం ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే బెణుకులా కనిపించినా ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చు. కాబట్టి మర్నాటికి కూడా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

బండి హెల్మెట్ వద్దు. బరువు ఎక్కువ, చిన్న మెడకి భారం, చెవులు కప్పేస్తుంది. స్కేట్ హెల్మెట్ తల వెనక భాగాన్ని కిందిదాకా కప్పుతుంది, అదే కొనండి. లోపల ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్1492 (స్కేట్ హెల్మెట్ల భద్రతా ప్రమాణం) అని రాసి ఉందేమో చూడండి. దొరక్కపోతే ఈ.ఎన్. 1078 ఉన్న సైకిల్ హెల్మెట్ తీసుకోండి. కనుబొమలకి రెండు వేళ్ళ పైన కూర్చోవాలి, పట్టీ చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళకి మించి సందు ఉండకూడదు. తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. ఒకసారి గట్టిగా నేలకి తగిలితే పైకి బాగానే కనిపించినా మార్చెయ్యాలి, లోపలి ఫోమ్ నలిగిపోతుంది.

తలకి దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మగత, తికమక మాటలు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజు ఆట అయిపోయినట్టే. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. "ఏం లేదు, ఆడుకో" అని మళ్ళీ బోర్డు ఎక్కించకండి.

బరంపురం_బోర్డు

అమ్మా, అత్తయ్యగారికి ఇది కూడా చెప్పండి. ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ మొదటిసారి పెట్టింది టోక్యోలో, 2021లో. మహిళల స్ట్రీట్ విభాగంలో బంగారం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజీ నిషియాకి అప్పటికి 13 ఏళ్ళు.

అంత దూరం ఎందుకు, మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లా జన్వార్ అనే పల్లెలో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ 2015లో స్కేట్ పార్కు కట్టించారు. అక్కడ రెండే నియమాలు: బడికి వెళ్ళని రోజు స్కేటింగ్ లేదు, అమ్మాయిలకే ముందు అవకాశం. ఆ నియమాలు మన ఊళ్ళలో కూడా పెట్టుకోవచ్చు. మా దగ్గర బోర్డులు తక్కువ, పిల్లలు ఎక్కువ. అమ్మాయిల వంతు ముందు పెట్టాకే వాళ్ళు రావడం మొదలైంది.

గుణుపురం_అమ్మ

చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. ముందు హెల్మెట్ కొంటాను, బోర్డు తర్వాత. పాపకి ఆ బడి నియమం చెప్తే హోమ్‌వర్క్ ఇప్పుడే తీసి కూర్చుంది.

మహేంద్రతనయ

అందరికీ అప్‌డేట్. డాక్టర్ గారు చూశారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. అక్క చెప్పినట్టు స్కాఫాయిడ్ గురించి అడిగాను. అనుమానం ఉందని బొటనవేలితో కలిపి కట్టు వేశారు, రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అప్పటిదాకా బోర్డు ముట్టుకోవద్దన్నారు. ఈ లోపు కాళ్ళకి ఏమైనా కసరత్తు చెయ్యొచ్చా అక్కా?

కీళ్ళ_డ్యూటీ

మంచి పని చేశావు తమ్ముడూ. కాళ్ళకి బోలెడంత చెయ్యొచ్చు. చేతికి కుదుపు రాకూడదు, పడే అవకాశం ఉండకూడదు, ఆ రెండూ గుర్తుంచుకో.

చీలమండతో మొదలుపెట్టు. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించు. పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ వెళ్ళు. బొటనవేలికీ గోడకీ మధ్య పది సెంటీమీటర్ల దాకా వస్తే బాగా వంగుతున్నట్టు. తక్కువగా ఉంటే రోజూ అదే కసరత్తుగా చెయ్యి. చీలమండ వంగకపోతే దిగేటప్పుడు ఆ దెబ్బంతా మోకాలికి వెళ్తుంది.

తర్వాత మెట్టు అంచున ముందు పాదాలతో నిలబడి మడమలు ఎత్తడం, చాలా నెమ్మదిగా దించడం. మొదట రెండు కాళ్ళతో, తర్వాత ఒక్కో కాలితో. ఒంటికాలి మీద నిలబడటం పళ్ళు తోముకునేటప్పుడు చెయ్యి. అలవాటయ్యాక కళ్ళు మూసుకుని చెయ్యి, కానీ గోడ పక్కనే ఉండు. బస్కీలు సరే, వాటితో పాటు ఒంటికాలితో కుర్చీ మీద మెల్లగా కూర్చుని లేవడం చాలా మంచిది. అప్పుడు మోకాలు లోపలికి వాలిపోతోందా అని అద్దంలో చూసుకో. వాలిపోతే తుంటి పక్క కండలు బలహీనంగా ఉన్నట్టు. పక్కకి పడుకుని పై కాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం చెయ్యి.

బల్లార్షా_బాబీ

కసరత్తు చేస్తే ఒళ్ళు బిగుసుకుపోయి ట్రిక్స్ రావంటారు కదా అక్కా? మా దగ్గర చాలామంది జిమ్‌కి అందుకే పోరు.

బరంపురం_బోర్డు

అన్నా, మా ఊరికి రండి, చూపిస్తాను. బరంపురం బరువులెత్తే ఊరు. మా రవికుమార్ 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ ఆటల్లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చాడు. ఆ ఆటగాళ్ళు బరువుతో పూర్తిగా గొంతుకూర్చుని లేస్తారు. చీలమండ, తుంటి అంత వంగకపోతే ఆ ఎత్తు ఎత్తలేరు. బలం, వంగడం రెండూ ఒకే ఒంట్లో ఉంటాయనడానికి అంతకంటే రుజువేం కావాలి? సగం వంగి వదిలేసే కసరత్తులతో బిగుసుకుంటారు. పూర్తిగా వంగి చేస్తే కాదు.

కీళ్ళ_డ్యూటీ

నిజం. బోర్డు ఎక్కే ముందు మాత్రం కదులుతూ వేడెక్కాలి: పది నిమిషాలు నడక, జాగింగ్, కాళ్ళు ఊపడం, గుంజీలు, చిన్న గెంతులు. కదలకుండా సాగదీసి పట్టి ఉంచేవి ఆట అయ్యాక చెయ్యండి. అలసిపోయాక కొత్త ట్రిక్ మొదలుపెట్టొద్దు. "ఇంకొక్కసారి" అన్నప్పుడే చీలమండలు మెలికపడతాయి, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ మాటే చెప్తారు.

చీలమండ మెలికపడితే: పడిన వెంటనే గానీ తర్వాత గానీ నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా, చీలమండ ఎముక బొడిపె వెనక అంచున నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పనిసరి. అవేవీ లేకపోతే బిగుతు బ్యాండేజ్ కట్టి, కాలు ఎత్తులో పెట్టి, రెండు మూడు రోజుల్లో మెల్లగా నడక మొదలుపెట్టండి. మొదటి రోజుల్లో గట్టిగా మర్దనా వద్దు.

బల్లార్షా_బాబీ

మా చంద్రపూర్ ఎండల గురించి చెప్పాలి. మేలో 45 డిగ్రీలు దాటుతుంది. మేం తెల్లారకముందే ఆడి ఏడింటికి ఆపేస్తాం. ఓ.ఆర్.ఎస్. గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ సంచిలో ఉంటుంది.

జైపూర్_ఘాట్

మా దగ్గర చోడి అంబలి. చోళ్ళలో వంద గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. ఎముకలతో పని ఉన్న ఆటకి ఇంటి ముందే దొరికే తిండి అది. దాంతో పాటు గుడ్డో పల్లీలో.

మహేంద్రతనయ

రెండో ఎక్స్‌రే అయింది. సన్నటి గీత కనిపించింది, ఎముక కదల్లేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఇంకొన్ని వారాలు కట్టు ఉంటుంది. ఆ రోజు అక్క చెప్పకపోతే నూనె రాసుకుని తిరిగేవాణ్ణి. అమ్మ మీ అందరికీ నమస్కారాలు చెప్పమంది. కాళ్ళ కసరత్తులు రోజూ చేస్తున్నాను. కట్టు తీశాక నేరుగా ఒల్లీ మొదలుపెట్టొచ్చా?

కీళ్ళ_డ్యూటీ

వద్దు. కట్టు తీశాక డాక్టర్ గారు ఎముక అతికిందని చెప్పాలి. తర్వాత మణికట్టు రెండో చేతిలాగే వంగాలి, పట్టు రావాలి. గోడకి చేతులు ఆనించి తోస్తే నొప్పి లేకపోతే నేల మీద దండేలు మొదలుపెట్టు. అవి నొప్పి లేకుండా వచ్చాకే బోర్డు. మొదట ఊరికే తొయ్యడం, మలుపులు, కిక్‌టర్న్ (ముందు చక్రాలు లేపి తిరగడం). పరుపు మీద పడటం మళ్ళీ మొదటి నుంచి. రిస్ట్ గార్డ్ వేసుకునే.

బరంపురం_బోర్డు

నీ చక్రాలు ఎంత గట్టివో చూసి రాయి తమ్ముడూ, పక్కనే ముద్రించి ఉంటుంది. 99ఏ అయితే నా దగ్గర 85ఏ సెట్టు ఒకటి ఖాళీగా ఉంది. పర్లాకిమిడి బస్సులో పంపిస్తాను.